జీపు ఎత్తు పెంచితే ఏమవుతుంది?

మీ ఊరికి పాత జీపు ఎప్పుడైనా వస్తే, అది ఆగి ఉన్నప్పుడు కాస్త ఎడంగా కూర్చుని దాని కిందికి ఒకసారి చూడండి. ముందు చక్రాలను కలుపుతూ ఒక ఇరుసు, వెనక చక్రాలను కలుపుతూ ఒక ఇరుసు కనిపిస్తాయి. ఇరుసు మీద ఒకచోట గుమ్మడికాయలాంటి ఉబ్బు ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే తిప్పుడును రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాలు అందులో ఉంటాయి. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. ఇక ప్రతి చక్రానికీ లోపలి వైపున, విల్లులా వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కట్ట ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దానికి ఏ పేరున్నా, మన షెడ్లలో మాత్రం అది కమాన్ కట్టే. లారీల కింద కూడా ఇవే ఉంటాయి. జీపు బరువంతా మోసేది, గతుకుల్లో మన నడుము కాపాడేది ఈ నాలుగు కమాన్ కట్టలు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. సైన్యం లెక్కల్లో దాని పేరు జీపు కాదు, ‘పావు టన్ను ట్రక్కు’. అంటే మనం ముచ్చటగా చూసే ఈ చిన్న బండి నిజానికి ఒక ట్రక్కే అన్నమాట. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన జీపులను అక్కడి రైతులూ, వేటగాళ్లూ, కుర్రాళ్లూ చవకగా కొనుక్కున్నారు. రోడ్డు లేనిచోట నడపడం ఒక సరదాగా మారింది. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మీదుగా రూబికాన్ అనే దారి ఒకటుంది. దారి అన్నది మాటవరసకే, అక్కడున్నవన్నీ బండరాళ్లు. 1953లో జీపులన్నీ కలిసి ఆ దారి దాటే యాత్ర మొదలైంది. అటువంటి చోట్ల జీపు పొట్ట రాళ్లకు తగిలి ఆగిపోతుంటే, ఎవరికైనా తట్టే ఆలోచన ఒక్కటే: ‘బండిని ఇంకాస్త ఎత్తు చేస్తే?’ కంపెనీ సామాను కొనే డబ్బు లేనివాళ్లు ఇంటి వెనక షెడ్డులోనే, పాత ఇనుముతో ఆ పని చేయడం మొదలుపెట్టారు.

వాళ్లు చేసింది ఏమిటో, దానివల్ల ఏం వచ్చిందో, ఏం పోయిందో ఈ పాఠంలో లెక్కగట్టి చూద్దాం. మనకు కావలసినవి రెండు ప్లాస్టిక్ స్కేళ్లు, కొన్ని నాణేలు, ఒక అట్టపెట్టె, ఒక రాయి, కోణమానిని. జీపు అక్కర్లేదు.

ముందుగా ఒక చిక్కు ప్రశ్న

ఒక జీపు కమాన్ల దగ్గర మార్పు చేసి దాని బాడీని 10 సెంటీమీటర్లు పైకి లేపారనుకుందాం. ఇప్పుడు నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న భాగం ఎంత పైకి లేచింది?

పది అని చాలామంది చెబుతారు. నిజానికి అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవలేదు. ఎందుచేతనంటే, అన్నిటికన్నా కింద ఉన్నది డిఫరెన్షియల్. అది ఇరుసు మీద ఉంది, ఇరుసు చక్రాల మధ్య ఉంది. కమాన్ కట్ట ఇరుసుకూ బాడీకీ నడుమ ఉంది. నడుమ ఉన్నదాన్ని ఎంత పెంచినా దాని పైనున్నదే లేస్తుంది కాని కిందున్నది లేవదు గదా! ఇరుసు లేవాలంటే చక్రం పెద్దది కావాలి. చక్రం వ్యాసం 10 సెంటీమీటర్లు పెరిగితే, ఇరుసు అందులో సగం, అంటే 5 సెంటీమీటర్లు లేస్తుంది.

మరి బాడీని ఎత్తడం దేనికి? ఒకటి, పొట్టభాగం రాళ్లకు తగలకుండా ఉంటుంది. రెండు, పెద్ద చక్రం పట్టడానికి చోటు దొరుకుతుంది. ఎత్తకుండా పెద్ద చక్రం పెడితే అది మడ్‌గార్డుకు రాసుకుంటుంది. కాబట్టి ఈ ఎత్తు చాలావరకు పెద్ద చక్రం కోసమే.

స్కేలు చెప్పే పాఠం

కమాను సంగతి తెలియాలంటే ఒక స్కేలును బల్ల అంచు మీద, 20 సెంటీమీటర్లు బయటికి ఉండేట్టు పెట్టి, లోపలి భాగం మీద బరువైన పుస్తకాలు ఉంచండి. బయటి కొసకు చిన్న సంచీ కట్టి ఒకేరకం నాణేలు నాలుగు వేయండి. కొస ఎంత దిగిందో రాసుకోండి. ఎనిమిది వేస్తే దానికి రెండింతలు దిగుతుంది. ఇది రాబర్ట్ హుక్ 1678లో వెల్లడించిన సూత్రం. దానికి రెండేళ్ల ముందే ఆయన దాన్ని అక్షరాలు తారుమారు చేసి ఒక పొడుపుకథలాగా అచ్చువేశాడు. ఇంకెవరూ కాజేయకుండా, ముందు కనిపెట్టింది తానేనని చెప్పుకోవడానికన్నమాట! హుక్ గారి పేరు గుర్తుంచుకోండి, జీపు కిందే మళ్లీ కనిపిస్తుంది.

ఇప్పుడు స్కేలును 10 సెంటీమీటర్లే బయటికి ఉంచి అవే నాణేలు వేయండి. వంపు సగం అవుతుందనుకుంటే పొరపాటు. ఎనిమిదో వంతే అవుతుంది. పొడవు సగమైతే వంపు సగంలో సగంలో సగం. మందం విషయమూ అంతే. మందం రెట్టింపైతే పట్టీ ఎనిమిదింతలు బిరుసవుతుంది.

రెండు స్కేళ్లను ఊరికే ఒకదాని మీద ఒకటి పెట్టి, మళ్లీ 20 సెంటీమీటర్ల దగ్గర చూడండి. ఈసారి వంపు ఎనిమిదో వంతు కాలేదు, సగమే అయింది. మందం రెట్టింపైంది కదా, మరి ఇలా ఎందుకు? స్కేళ్ల కొసలు చూస్తే తెలుస్తుంది. వంగినప్పుడు అవి ఒకదాని మీద ఒకటి కొంచెం జారుతున్నాయి. దేనికదే విడిగా వంగుతోంది. రెంటినీ గట్టిగా అతికిస్తే ఆ జారుడు ఆగి, ఒకే మందపాటి పట్టీ అవుతుంది. కమాన్ కట్టను ఒకే దిమ్మెగా పోత పోయకుండా విడి పట్టీలతో కట్టడంలోని కిటుకు ఇదే. బరువుకు తట్టుకునే బలమూ ఉంటుంది, మెత్తగా వంగే గుణమూ పోదు. పైగా పట్టీలు ఒరుసుకోవడం వల్ల ఊపు త్వరగా అణుగుతుంది.

చవక పద్ధతులు

కమాన్ కట్ట ఒక కొస చాసిస్‌కు నేరుగా బిగించి ఉంటుంది. రెండో కొస షాకిల్ అనే చిన్న లంకె ద్వారా వేలాడుతుంది. కమాను చదును అయినప్పుడు పొడుగవుతుంది, ఆ కాస్త పొడవుకు చోటివ్వడానికి ఈ లంకె ఉయ్యాలలా ఊగుతుంది. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఈ షాకిల్‌ను పొడుగుది వేయడం. కాని 5 సెంటీమీటర్లు పొడుగు చేస్తే బండి లేచేది రెండున్నరే. దిగింది ఒక కొస, ఇరుసు ఉన్నది నడిమధ్య. జ్యామితిలో సరూప త్రిభుజాలు చదివినవాళ్లు బొమ్మ గీసుకుంటే ఇది ఇట్టే తేలుతుంది. అంతేకాదు, ఒక కొస మాత్రమే దిగడంతో ఇరుసు కొద్దిగా తిరిగిపోతుంది. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాక వాలుగా ఉండటం చూసే ఉంటారు. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంది. ముందు షాకిళ్లు మారిస్తే ఆ వాలు చెడి, స్టీరింగు అటూ ఇటూ పోతుంది.

రెండోది, కట్టలో ఇంకొక పట్టీ చేర్చడం. బండి లేస్తుంది. కాని ఇప్పుడే స్కేళ్లతో చూశాం, పట్టీ పెరిగితే బిరుసూ పెరుగుతుంది. కొండరాళ్ల మీద బిరుసు కమాను చక్రాన్ని గుంతలోకి దిగనివ్వదు. చక్రం గాలిలో తేలుతుంది. గాలిలో తేలిన చక్రం బండిని లాగదు. ఎత్తు పెంచింది రాళ్ల మీద పోవడానికే గదా!

మూడోది, పికప్ ట్రక్కుల వెనక ఇరుసుకు వాడే దిమ్మ. వాటిలో కమాన్ కట్ట ఇరుసు పైన కూర్చుంటుంది. రెండింటి మధ్య ఒక ఇనుప దిమ్మ పెట్టి, పొడవైన యూ బోల్టులతో బిగిస్తారు. చాలా తేలిక. కాని బ్రేకు వేసినప్పుడూ, ఇంజను లాగినప్పుడూ ఇరుసు తన చుట్టూ తాను తిరగాలని చూస్తుంది. దిమ్మ ఎంత ఎత్తుంటే ఆ మెలి కమాను మీద అంత ఎక్కువ పడుతుంది. కమాను పామువంపు తిరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు ఇరుసుకు దిమ్మ పెట్టరు. దిమ్మ మీద దిమ్మ పేర్చరు. చెక్కదిమ్మ అసలే పెట్టరు.

జీపు వీరులకు ఎక్కువ ఇష్టమైనది నాలుగోది. సీజే రకం జీపుల్లో కమాన్ కట్ట ఇరుసుకు కింద ఉంటుంది. ఇరుసు మీద కొత్త పీటలు వెల్డింగు చేసి, కట్టను ఇరుసు పైకి మార్చేస్తారు. కొత్త కమాన్లు కొననక్కర్లేదు. ఇరుసు గొట్టం మందం, కట్ట మందం రెండూ కలిసి వచ్చి బండి ఒక్కసారిగా 12, 13 సెంటీమీటర్లు లేస్తుంది. ఖర్చు తక్కువే, కాని వెల్డింగు చేసే చెయ్యి మంచిది కావాలి. ఆ పీట ఊడితే ఇరుసే ఊడినట్టు.

హుక్ మళ్లీ వచ్చాడు

ఇంజను వైపు నుంచి ఇరుసుకు తిప్పుడును తెచ్చే కడ్డీ ప్రొపెల్లర్ షాఫ్టు. దాని రెండు కొసల్లోనూ శిలువ ఆకారంలో కీలు ఉంటుంది. మన పుస్తకాల్లో దానికి హుక్ కీలు అని పేరు. కమాను దగ్గరా, కీలు దగ్గరా ఒకే మనిషి పేరు! బండి లేచినప్పుడు ఈ కడ్డీ ఇంకా ఏటవాలవుతుంది. జీపులో వెనక కడ్డీ పొట్టిది. అది అరమీటరు ఉందనుకుంటే, 10 సెంటీమీటర్లు లేపగానే సుమారు 11 డిగ్రీల వాలు అదనంగా వస్తుంది.

వాలితే ఏం? ఈ కీలుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఒక వైపు సమంగా తిప్పినా, రెండో వైపు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. వాలు 10 డిగ్రీలైతే ఆ తేడా ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలైతే 6 శాతం. రెండు కొసల కీళ్లూ ఒకే కోణంలో ఉంటే ఒకదాని తప్పు ఇంకొకటి దిద్దుతుంది. షాకిలో దిమ్మో ఇరుసును కాస్త తిప్పిందా, కోణాలు సమంగా ఉండవు, బండి వణుకుతుంది, కీళ్లు అరిగిపోతాయి.

అన్నిటికన్నా చిన్నదీ, చాలామంది మరిచేదీ బ్రేకు గొట్టం. చాసిస్ నుంచి ఇరుసుకు బ్రేకు నూనె తీసుకుపోయే రబ్బరు గొట్టం అది. దాని పొడవు పాత ఎత్తుకు సరిపోయేలా ఉంటుంది. షెడ్డులో, చదును నేల మీద అది బిగుతుగా కనిపించకపోవచ్చు. గుంతలో ఒక చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు తెగుతుంది. ఆ తర్వాత ఎదురయ్యేది దిగుడు అయితే చెప్పక్కర్లేదు.

ఎంత వాలితే పడిపోతుంది?

ఇప్పుడు అట్టపెట్టె తీయండి. టీపొడి పెట్టెలాంటిది, అడుగు 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది బాగుంటుంది. లోపల ఒక రాయిని నలిపిన కాగితాలతో కదలకుండా అడుగున బిగించండి. పెట్టెను ఒక పలక మీద నిలబెట్టి, జారిపోకుండా కింది అంచుకు ఒక పెన్సిలు అడ్డం పెట్టి, పలకను మెల్లగా ఎత్తండి. పెట్టె పడిపోయే క్షణాన పలక వాలును కోణమానినితో కొలవండి. తర్వాత రాయిని మధ్యకు, ఆ తర్వాత పైకి మార్చి మళ్లీ చేయండి. రాయి అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 37 డిగ్రీల దాకా నిలుస్తుంది. 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 20 డిగ్రీలకే పడుతుంది. అట్టకూ కొంత బరువుంది కనుక మీ కొలతలు కాస్త అటూ ఇటూ రావచ్చు.

బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కపెట్టే బిందువును గరిమనాభి అంటాం. గరిమనాభి నుంచి తాపీమేస్త్రి గుండులా నిలువుగా దారం వేలాడదీస్తే, అది అడుగు అంచు దాటిన క్షణాన వస్తువు పడుతుంది. అడుగు వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చేది ఆ కోణపు టాంజెంటు.

ఇదే లెక్క జీపుకు వేద్దాం. యుద్ధకాలపు జీపులో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం సుమారు 124 సెంటీమీటర్లు, సగం 62. బరువు సుమారు 1,100 కిలోలు. గరిమనాభి నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 62ను 65తో భాగిస్తే 0.95, అంటే పక్కకు 43 డిగ్రీలు దాటేదాకా నిలుస్తుంది. బాడీని 10 సెంటీమీటర్లు లేపితే ఇరుసులూ చక్రాలూ లేవవు గనుక, లేచే బరువు 850 కిలోలనుకుంటే గరిమనాభి 7.7 సెంటీమీటర్లు పైకి పోతుంది. కోణం 40 చిల్లర. పెద్ద చక్రాలతో ఇంకొక 5 సెంటీమీటర్లు చేరితే భాగఫలం 0.80, కోణం 38 చిల్లర.

‘పోయింది అయిదు డిగ్రీలే గదా!’ అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని పక్కవాలు మీద పోతున్నప్పుడు పైవైపు చక్రం 10 సెంటీమీటర్ల రాయి ఎక్కిందనుకోండి, ఆ ఒక్క రాయే దాదాపు అయిదు డిగ్రీలు వాల్చేస్తుంది. దిగువ వైపు కమాన్లు నొక్కుకుపోయి బాడీ ఇంకొంత వాలుతుంది. రాయి కోసం చేతిలో ఉంచుకున్న అయిదు డిగ్రీలను మనం ముందే ఖర్చుపెట్టేశాం.

మామూలు రోడ్డు మీద సంగతి ఇంకా ఆలోచించదగ్గది. పొడి తారురోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం 0.7, 0.8 ప్రాంతంలో ఉంటుంది. మలుపులో జోరుగా తిరిగితే పక్కకు లాగే బలం పెరుగుతుంది. పాత జీపు తిరగబడాలంటే ఆ బలం బరువులో 0.95 వంతు కావాలి. అంతదాకా రాకముందే టైర్లు జారతాయి. జారడం మంచిది కాకపోయినా, బండి నాలుగు చక్రాల మీదే ఉంటుంది. ఎత్తు పెంచిన జీపుకు హద్దు 0.80. ఇప్పుడు ముందు జారుతుందో, ముందు తిరగబడుతుందో చెప్పలేం. అమెరికాలో రోడ్డు భద్రతా సంస్థ 2001 నుంచి కొత్త బండ్లకు తిరగబడే గుణం ఎంతో చెబుతూ నక్షత్రాలిచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకున్నదీ ఈ భాగఫలాన్నే. మామూలు కార్లకు అది 1.3 పైన ఉంటుంది.

పెద్ద చక్రం ఇంకొక మోసం చేస్తుంది. స్పీడోమీటరు లెక్కించేది చుట్లను, దూరాన్ని కాదు. చక్రం వ్యాసం 72 నుంచి 82 సెంటీమీటర్లయితే, ముల్లు 50 చూపిస్తున్నప్పుడు బండి 57 మీద పోతుంటుంది. గతిజశక్తి వేగవర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆపవలసిన శక్తి 30 శాతం ఎక్కువ. బ్రేకులు మాత్రం పాతవే.

ఇవన్నీ తెలిసిన రూబికాన్ వాళ్లు ఎత్తు పెంచినప్పుడు చక్రాలను కాస్త బయటికి కూడా జరుపుతారు. సగం వెడల్పు 62 నుంచి 67 అయితే కోణం మళ్లీ 40 దాటుతుంది. బ్రేకు గొట్టాలు, షాకబ్జార్బర్లు పొడుగువి వేస్తారు. చవకగా మొదలైన పని అక్కడితో చవకగా ఉండదు.

మన దేశంలో రిజిస్టరైన బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అయితే ఒక్క బోల్టు విప్పకుండా గరిమనాభిని పైకి లేపే పద్ధతి ఒకటుంది. అది మనకు అలవాటైనదే. కొండదారుల్లో జీపు టాపు మీద మనుషులు కూర్చుంటారు. అదే పాత జీపు మీద, నేల నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తున, 60 కిలోల మనుషులు అయిదుగురు కూర్చున్నారనుకుందాం. గరిమనాభి 65 నుంచి దాదాపు 92 సెంటీమీటర్లకు పోతుంది. భాగఫలం 0.67, కోణం 34 డిగ్రీలు. కమాన్లూ చక్రాలూ మార్చి పోగొట్టుకున్నది అయిదు డిగ్రీలు. టాపెక్కి పోగొట్టుకున్నది తొమ్మిదికి పైగా. 0.67 అంటే పొడి తారురోడ్డు మీద, జారకముందే తిరగబడే లెక్క. ఎక్కింది పదిమందయితే ఎంతవుతుందో మీరే కట్టి చూడండి.

ఇంకొక లెక్క, ఇది స్కేలుతో చేసేది. పికప్ ట్రక్కు వెనక కమానుకూ ఇరుసుకూ మధ్య దిమ్మ పెడితే బండి లేస్తుందని చెప్పుకున్నాం. కమాను ఇరుసుకు కింద ఉన్న సీజే జీపులో అదే దిమ్మను అలాగే రెంటి మధ్యా పెడితే బండి ఎటు పోతుంది? ఒక పెన్సిలును ఇరుసుగా, స్కేలును కమానుగా, రబ్బరు ముక్కను దిమ్మగా పెట్టుకుని చూడండి. పైకి మాత్రం పోదు.